చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రీవైండింగ్ - 3వ పాఠం: స్టాంపింగ్‌లు విప్పడం, మళ్లీ పేర్చడం

ప్రైమరీ (కరెంటు ఇచ్చేవైపు), సెకండరీ (కరెంటు తీసుకునేవైపు) తీగలను పోయిన పాఠంలో గుర్తుపట్టి, వోల్టేజీలు రాసిపెట్టుకున్నాం. ఇక కోర్, అంటే స్టాంపింగ్‌లనే పల్చటి ఇనుప రేకుల దొంతర, విప్పాలి.

ముందు అంచులు చూడండి. రేకులకు అడ్డంగా వెల్డింగ్ గీత ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్కన పెట్టేయండి. నేర్చుకునేవాళ్ల పని కాదది. బోల్టులో, రేకు తొడుగో ఉంటే మనకు పనికొస్తుంది. ఇంగ్లీషు E ఆకారపు ‘ఈ’ రేకు ఒకటి ఎడమ నుంచి, తర్వాతది కుడి నుంచి దూర్చి, ఖాళీల్లో I ఆకారపు ‘ఐ’ ముక్కలు నింపి ఉంటారు. కొన్నింటిలో రెండేసి, మూడేసి కలిపి పేరుస్తారు. ఆ వరస ఫొటో తీసుకోండి. ‘ఈ’లన్నీ ఒకవైపు, ‘ఐ’లన్నీ మరోవైపు ఉండి మధ్యలో కాగితం కనిపిస్తే అది చోక్ (కరెంటు హెచ్చుతగ్గులను అడ్డుకునే చుట్ట) కావచ్చు. డీసీ వల్ల కోర్ సాచురేట్ కాకుండా (అయస్కాంతత్వం ఇక పట్టనంతగా నిండిపోకుండా) కావాలనే ఉంచిన సందు అది. తిరిగి అదే మందం కాగితం పెట్టాలి.

వార్నిష్ పట్టిన కోర్‌లో మొదటి రేకు తీయడమే అసలు కష్టం. పల్చటి బ్లేడును బయటి రేకు కిందకి, బాబిన్‌కు (తీగ చుట్టిన చట్రానికి) తగలకుండా, కొంచెం కొంచెంగా దూర్చండి. మొండికేస్తే హాట్ ఎయిర్ గన్‌తో వెచ్చబెట్టండి, వార్నిష్ మెత్తబడుతుంది. మంట మాత్రం వద్దు. రేకుల మీది ఇన్సులేషన్ పొర కాలిపోతే అవి ఒకదానికొకటి తగిలి ఎడ్డీ కరెంట్లు (ఇనుములోనే సుడులు తిరిగి వేడి పుట్టించే కరెంట్లు) పెరుగుతాయి. ఒకటి రెండు రేకులు వంగినా బెంగపడకండి. నాలుగైదు బయటికొచ్చాక మిగతావి చేతికే వదులవుతాయి.

కొత్త వైండింగ్ చుట్టాక, రేకుల కోత గరుకులన్నీ ఒకే దిక్కుకు ఉండేలా పాత వరసలోనే పేర్చండి. చివరి రేకులు దూరవు. చాలామంది అక్కడే వదిలేస్తారు, నాకది నచ్చదు. 30 మి.మీ. దొంతరలో 0.5 మి.మీ. రేకులు అరవైకి కాస్త తక్కువే పడతాయి. ఆరు మానేస్తే పదో వంతు ఇనుము పోయినట్టే. చుట్లు అవే కాబట్టి ఫ్లక్స్ సాంద్రత (మిగిలిన ఇనుములో అయస్కాంత ప్రవాహం చిక్కదనం) పెరిగి, లోడు లేకుండానే వేడెక్కుతుంది. చెక్క ముక్క అడ్డుపెట్టి మెల్లగా తట్టండి. ఉత్త సుత్తితో కొడితే అంచులు నలిగి రేకులు కలిసిపోతాయి. బోల్టులకు ఇన్సులేషన్ గొట్టాలు మరిచిపోవద్దు.

చివరగా సెకండరీ తెరిచి ఉంచి, ప్రైమరీకి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరినా, సన్నగా ఎర్రబడినా సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే చుట్లు షార్ట్ అయి ఉండొచ్చు. ప్లగ్ తీసి మళ్లీ విప్పాల్సిందే. వార్నిష్ పోసేది ఈ పరీక్ష నెగ్గాకే.