బహుళ చానళ్ల శబ్దగ్రహణం – నాలుగవ పాఠం: పెట్టెలు రెండు, తాళం ఒకటి

గత పాఠంలో కూచిపూడి ప్రదర్శనకు మైకులను ఎక్కడెక్కడ నిలపాలో చూసి, చివరకు పన్నెండు చానళ్ల పట్టిక తయారు చేసుకున్నాం. నట్టువాంగానికి ఒకటి, గాత్రానికి ఒకటి, మృదంగానికి కుడి ఎడమలకు రెండు, వయోలిన్‌కు, వేణువుకు, వీణకు ఒక్కొక్కటి, శ్రుతి పెట్టె నుంచి నేరుగా వచ్చే తీగ ఒకటి, గజ్జెల సవ్వడి కోసం వేదిక అంచున నేల మీద రెండు, హాలు మొత్తాన్ని వినే జత మైకులు రెండు. మన దగ్గర ఉన్న, మైకులను కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లో మైకు ఇన్‌పుట్లు ఎనిమిదే. మిగిలిన నాలుగింటి కోసం ఇంతకంటే పెద్ద ఇంటర్‌ఫేస్ కొనవలసిన పని లేదు. దాని వెనుక ఏడాట్ ఇన్‌పుట్ (ఒకే కాంతి తీగతో ఎనిమిది చానళ్లను అందుకునే సాకెట్) ఉంటే, ఎనిమిది చానళ్ల కన్వర్టర్‌ను దానికి జత చేసి మొత్తం పదహారు చానళ్లు తెచ్చుకోవచ్చు. ఈ పాఠం ఆ జత చేయడం గురించే.

కన్వర్టర్ చేసే పని రెండు మెట్లలో ఉంటుంది. మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ముందుగా ప్రీఆంప్ పెంచుతుంది. తరువాత ఆ సంకేతపు ఎత్తును సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 24 బిట్ల అంకెగా మారుస్తుంది. ఎనిమిది చానళ్ల అంకెలూ ఒకే కాంతి తీగలో వరుసగా ఇంటర్‌ఫేస్‌కు చేరతాయి. ఏడాట్ అన్న పేరు అలెసిస్ సంస్థ 1991లో ప్రకటించిన ఎనిమిది ట్రాకుల టేపు యంత్రానిది. అది ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ల మీద శబ్దాన్ని అంకెలుగా రాసేది. ఆ టేపులు స్టూడియోల నుంచి ఏనాడో వెళ్లిపోయాయి కాని, ఒక యంత్రం నుంచి మరొక దానికి ఎనిమిది చానళ్లను కాంతి రూపంలో పంపే దాని పద్ధతి మాత్రం నేటికీ మన పెట్టెలలో నిలిచి ఉంది.

అన్నిటికంటే ముందు శాంపిల్ రేటు, అంటే సెకనుకు ఎన్ని కొలతలు తీయాలన్నది, నిర్ణయించుకోవాలి, ఎందుకంటే చానళ్ల సంఖ్య దాని మీదే ఆధారపడి ఉంటుంది. 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక కాంతి తీగలో ఎనిమిది చానళ్లు పడతాయి. 96 కిలోహెర్ట్జ్‌కు వెళితే అదే తీగలో నాలుగే పడతాయి, 192 దగ్గర రెండే. బెరింగర్ ఏడీఏ8200 వంటి అందుబాటు ధర పరికరాలు అసలు 48 దాటవు. నా అభిప్రాయంలో ఇది లోటు కాదు. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగు 24 కిలోహెర్ట్జ్‌కు కొంచెం దిగువ వరకు ఉన్న ధ్వనులను పట్టుకోగలదు, మనిషి చెవికి వినిపించే గరిష్ఠ పరిమితి 20 కిలోహెర్ట్జ్ ప్రాంతం. పైగా నృత్య ప్రదర్శనకు వీడియో తప్పక ఉంటుంది, వీడియోకు వాడుక రేటు 48. కనుక ఈ పాఠాలలో మనం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల దగ్గరే ఉందాం.

ఇక అసలు విషయం క్లాక్, అంటే ప్రతి కొలతను ఎప్పుడు తీయాలో చెప్పే పెట్టె లోపలి గడియారం. ఈ పాఠంలో మిగిలినవన్నీ మరచిపోయినా ఇది గుర్తుండాలని కోరుకుంటున్నాను. ఇంటర్‌ఫేస్‌లో ఒక స్ఫటికం ఉంది, కన్వర్టర్‌లో మరొకటి ఉంది. రెండూ సెకనుకు 48,000 కొలతలు తీస్తామనే చెబుతాయి, కాని ఏ రెండు స్ఫటికాలూ ఖచ్చితంగా ఒకే వేగంతో కంపించవు. వాటి మధ్య తేడా పది లక్షల్లో పది వంతులు మాత్రమే అనుకుందాం. అప్పుడు సెకనుకు దాదాపు సగం కొలత తేడా వస్తుంది, అంటే రెండు సెకన్లకు ఒకసారి ఒక కొలత ఎక్కువో తక్కువో అవుతుంది. ఇంటర్‌ఫేస్ ఆ ఎక్కువైన దానిని పారవేస్తుంది, లేదా తక్కువైన చోట ఉన్నదానినే మరోసారి వాడుకుంటుంది. ఆ అతుకు పడిన చోట చిన్న టిక్కు వినిపిస్తుంది. కూచిపూడి బృందంలో గాయకుడు, మృదంగ విద్వాంసుడు, వయోలిన్ విద్వాంసుడు ఎంతటి లయజ్ఞానం కలవారైనా, తాళం పట్టేది నట్టువనారు ఒక్కరే, తక్కిన అందరూ ఆ తాళాన్ని అనుసరిస్తారు. వేదికకు చెరొక పక్కన ఇద్దరు కూర్చుని, ఒకరి తాళం ఒకరికి వినిపించకుండా ఎవరి తాళం వారు వేస్తే, ఇద్దరూ ఒకే కాలప్రమాణంలో మొదలుపెట్టినా జతి పూర్తయ్యేసరికి ఎక్కడో తేడా పడుతుంది. మన రెండు పెట్టెల సంగతీ అంతే. ఒకటి తాళం వేయాలి, రెండవది అనుసరించాలి. తాళం వేసేదానిని మాస్టర్ అంటారు.

దీనిని అమర్చడానికి రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గంలో ఒకే కాంతి తీగ సరిపోతుంది. కన్వర్టర్ ఏడాట్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఏడాట్ ఇన్‌కు తీగ వేసి, కన్వర్టర్ వెనుక ఉన్న సింక్ స్విచ్‌ను 48 మాస్టర్ దగ్గర ఉంచి, ఇంటర్‌ఫేస్ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో క్లాక్ మూలంగా ఏడాట్‌ను ఎంచుకోవాలి. ఇంటర్‌ఫేస్ కన్వర్టర్‌ను అనుసరిస్తుంది. రెండవ మార్గంలో ఇంటర్‌ఫేస్ మాస్టర్‌గా ఉంటుంది. దాని క్లాక్ ఇంటర్నల్‌లోనే ఉంచి, పై తీగకు తోడు ఇంటర్‌ఫేస్ ఏడాట్ అవుట్ నుంచి కన్వర్టర్ ఏడాట్ ఇన్‌కు మరొక కాంతి తీగ వేసి, కన్వర్టర్ సింక్ స్విచ్‌ను ఏడాట్ ఇన్‌కు తిప్పాలి. ఈ రెండవ కాంతి తీగకు బదులు వర్డ్ క్లాక్ (శబ్దం లేకుండా క్లాక్‌ను మాత్రమే పంపే సంకేతం) కోసం 75 ఓముల బీఎన్‌సీ తీగ కూడా వాడవచ్చు, కాని రెండు పెట్టెలకు అంత అవసరం రాదు. నేను రెండవ మార్గాన్నే సూచిస్తాను. కంప్యూటరులో ప్రాజెక్టు రేటు మార్చినప్పుడు ఇంటర్‌ఫేస్ మారుతుంది, దానిని అనుసరించి కన్వర్టర్ కూడా మారుతుంది. మొదటి మార్గంలోనైతే వెనుక ఉన్న స్విచ్‌ను చేతితో మార్చడం ఎవరైనా మరచిపోయే ప్రమాదం ఉంది.

రెండు పెట్టెలనూ పొరపాటున ఒకదానినొకటి అనుసరించేలా అమర్చకండి. అప్పుడు తాళం వేసేవారే ఉండరు, క్లాక్ ఎక్కడా నిలబడదు. అమరిక పూర్తయ్యాక, క్లాక్ కుదిరిందని చూపే లాక్ దీపం వెలిగిందని అంతటితో తృప్తి పడవద్దు. అనుసరించే పెట్టెకు క్లాక్ తెచ్చే తీగను ఒకసారి లాగి చూడండి. దీపం ఆరిపోవడమో, మిణుకుమనడమో జరిగితే ఆ పెట్టె నిజంగా దాని మీద ఆధారపడి ఉన్నట్టు. ఏ మార్పూ లేకపోతే అది ఇంకా తన సొంత తాళమే వేసుకుంటోంది.

ఈ పరీక్ష నేను నేర్చుకున్నది ఒక చేదు అనుభవం వల్ల. కొన్నేళ్ల క్రితం ఒక దేవాలయ ప్రాంగణంలో రెండు గంటల ప్రదర్శన రికార్డు చేశాను. రెండు పెట్టెలూ ఇంటర్నల్ క్లాక్‌లోనే ఉండిపోయాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు విన్నాను, కాని కొన్ని క్షణాలకు ఒకసారి పడుతున్న టిక్కులు నట్టువాంగపు తాళాల మోత కింద, గజ్జెల కింద కలిసిపోయాయి. మర్నాడు ఇంట్లో వీణ చానల్ ఒక్కదానినే తెరిచి వింటే, తాళవాద్యాలు ఆగిన నిశ్శబ్దంలో రాగాలాపన మధ్య అవి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఆ విద్వాంసురాలు ఆనాడు వాయించిన ఆలాపనను తిరిగి తీసుకురావడం ఎవరి చేతిలోనూ లేదు. అప్పటి నుంచి క్లాక్ పరీక్షకు తాళాలు, మృదంగం వినను. శ్రుతి పెట్టె చానల్‌ను ఒంటరిగా, రెండు నిమిషాల పాటు, కదలకుండా వింటాను. నిలకడగా సాగే నాదంలో ఎంత చిన్న టిక్కైనా దాగదు. ఈ పరీక్ష పనిచేయాలంటే శ్రుతి పెట్టె అదనపు కన్వర్టర్‌లోనే ఉండాలి.

కాంతి తీగల గురించి రెండు మాటలు. టాస్‌లింక్ అనే ఈ కనెక్టర్‌ను తోషిబా 1983లో తెచ్చింది. కొత్త తీగల కొసలకు చిన్న ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, వాటిని తీయకుండా సాకెట్‌లో గుచ్చి గంట సేపు వెతికినవారిని చూశాను. ఒక కొసను యంత్రానికి పెట్టి రెండవ కొసను అరచేతికి చూపిస్తే ఎర్రటి వెలుగు కనిపించాలి. తీగను మడత పెట్టవద్దు, అయిదు మీటర్లు దాటనివ్వవద్దు. రెండు పెట్టెలనూ ఒకే ర్యాక్‌లో ఉంచి మైకు తీగలనే పొడుగ్గా లాగడం మేలు. ఇంకొక చిక్కు ఉంది: అదే సాకెట్‌లో రెండు చానళ్ల ఎస్పీడీఐఎఫ్ సంకేతం కూడా నడుస్తుంది. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో ఆ సాకెట్ ఏడాట్‌గా పనిచేయాలా, ఎస్పీడీఐఎఫ్‌గా పనిచేయాలా అన్నది సాఫ్ట్‌వేర్‌లో మనమే చెప్పాలి.

చానళ్ల పంపకం అందరూ తేలికగా తీసుకునే విషయం, కాని ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొలత తీసి అంకెగా మార్చడానికి ప్రతి కన్వర్టర్‌కూ కొంత సమయం పడుతుంది, అది ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. క్లాక్ ఒకటే అయినా రెండు పెట్టెల మధ్య కొన్ని కొలతల స్థిరమైన తేడా మిగిలే ఉంటుంది. ఒక కొలత కాలంలో శబ్దం గాలిలో సుమారు ఏడు మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. పది కొలతల తేడా ఉంటే మైకును ఏడు సెంటీమీటర్లు వెనక్కు జరిపినట్టే. గాత్రానికి, వేణువుకు మధ్య ఇది ఎవరికీ తెలియదు. మృదంగం కుడి ఎడమలను చెరొక పెట్టెలో పెడితే మాత్రం రెండూ కలిసినప్పుడు నాదం పలుచబడుతుంది. కనుక జంటగా పనిచేసే మైకులు ఎప్పుడూ ఒకే పెట్టెలో ఉండాలి. మన పట్టికలో నట్టువాంగం, గాత్రం, మృదంగం రెండు, వయోలిన్, వేణువు, వీణ ఇంటర్‌ఫేస్‌లో ఉంటాయి, ఎనిమిదవది అత్యవసరానికి ఖాళీగా ఉంచుదాం. నేల మైకుల జత, హాలు జత, శ్రుతి పెట్టె కన్వర్టర్‌లోకి వెళతాయి.

చాలా కన్వర్టర్లలో, మైకు తీగ ద్వారానే మైకుకు అందే 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తుకు ఎనిమిది చానళ్లకూ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. నేల మైకులూ హాలు మైకులూ కండెన్సర్లు కనుక వాటికి అది కావాలి. శ్రుతి పెట్టెకు మాత్రం ఆ వోల్టేజి తగలకూడదు, అందువల్ల దానిని ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాద్యపు తీగను మైకు ఇన్‌పుట్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారానే కలపండి. తీగలన్నీ పెట్టి, గెయిన్లు (ప్రీఆంప్ సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయించే మీటలు) పూర్తిగా తగ్గించిన తరువాతే ఫాంటమ్ వేయండి. స్పీకర్ల ఆంప్లిఫయర్‌ను అన్నిటికంటే చివర వేసి, ముగించేటప్పుడు అన్నిటికంటే ముందు ఆపండి.

గెయిన్ విషయంలో పాత టేపు రోజుల భయం ఇంకా చాలామందిలో ఉంది, మీటరు నిండుగా లేకపోతే బుస్సుమనే చప్పుడు వస్తుందని. 24 బిట్లలో ఒక్కొక్క బిట్ సుమారు 6 డెసిబెల్ విలువ చేస్తుంది. మీరు పైన 12 డెసిబెల్ ఖాళీ వదిలితే పోయేది రెండు బిట్లు, మిగిలేవి ఇరవై రెండు. ఏ కన్వర్టర్ అయినా తన సొంత చప్పుడు వల్ల అన్ని బిట్లనూ నిజంగా వాడుకోలేదు. కాబట్టి పోయేదేమీ లేదు. కాని మీటరు మీద గరిష్ఠ హద్దు అయిన సున్నా డెసిబెల్ దాటిన సంకేతం మాత్రం పగిలిపోతుంది, దానికి మందు లేదు. గాత్రం సగటున −18 ప్రాంతంలో, శిఖరాలు −10 దాటకుండా ఉంచండి. నట్టువాంగపు తాళాలకు మరింత జాగ్రత్త అవసరం: లోహం మీద లోహం పడిన తొలి క్షణం ఎంత పదునుగా ఉంటుందంటే పెట్టె మీది చిన్న దీపాలు దానిని చూపలేకపోవచ్చు. కంప్యూటరులో శిఖరం అంకెను చూసి −12 దాటనివ్వకండి, అవసరమైతే సంకేతాన్ని తగ్గించే ప్యాడ్ స్విచ్ నొక్కండి. పళ్లెం అంచు మీద నిలిచి చేసే తరంగంలో నేల మైకుల మోత ఒక్కసారిగా పెరుగుతుంది కనుక వాటిని పళ్లెంతోనే పరీక్షించాలి. కళాకారులు ప్రదర్శనలో రిహార్సల్ కంటే గట్టిగానే వాయిస్తారు, అందుకు మరొక 6 డెసిబెల్ పక్కన పెట్టుకోండి.

కంప్యూటరులో ఏడాట్ చానళ్లు 9 నుంచి మొదలవుతాయని అనుకోవద్దు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20లో 9, 10 ఎస్పీడీఐఎఫ్‌కు చెందుతాయి, ఏడాట్ 11 నుంచి మొదలవుతుంది. ఒక్కొక్క మైకు దగ్గర వేలితో మెల్లగా తట్టించి, ఏ ట్రాక్ కదిలిందో చూసి, అప్పుడే ట్రాకులకు పేర్లు పెట్టండి. రికార్డు చేస్తున్నంతసేపు బఫర్ (కంప్యూటరు ఒక విడతలో అందుకునే కొలతల సంఖ్య) 512 లేదా 1024 ఉంచితే కంప్యూటరుకు ఊపిరి ఆడుతుంది. పన్నెండు చానళ్లకు గంటకు దాదాపు 6.2 గిగాబైట్లు కావాలి. ప్రతి చానల్‌నూ విడి ఫైలుగా రాయించండి. ఎందుకంటే మామూలు వేవ్ ఫైలు నాలుగు గిగాబైట్లు దాటలేదు, ఎనిమిది చానళ్లను ఒకే ఫైలులో రాస్తే ఆ హద్దు గంటా రెండు నిమిషాలకే వస్తుంది.

ఈ వారం అభ్యాసం. ఒకే రకం మైకులు రెండు తీసుకుని, తలలు తాకేలా పక్కపక్కన నిలిపి, ఒకటి ఇంటర్‌ఫేస్‌కు, ఒకటి కన్వర్టర్‌కు కలపండి. రికార్డు మొదలుపెట్టి, వాటికి సమాన దూరంలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. రికార్డును ఆపకుండా గంట గడిచాక అదే చోట నిలబడి మళ్లీ కొట్టండి. తరువాత తెర మీద అలలను కొలత కొలత కనిపించేంత పెద్దవి చేసి, రెండు ట్రాకుల మధ్య తేడాను రెండు చప్పట్ల దగ్గరా లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు చోట్లా అంకె ఒకటే అయితే అది మీ పెట్టెల మధ్య ఉన్న స్థిరమైన తేడా. కన్వర్టర్ ట్రాకులను ఇకపై ఆ అంకె మేరకు జరిపి సరిచేయవచ్చు. రెండవ చప్పట్ల దగ్గర అంకె మారి ఉంటే, శ్రుతి చానల్‌లో మీకు ఏమీ వినిపించకపోయినా, సింక్ స్విచ్ దగ్గరకు తిరిగి వెళ్లండి.