పక్కన కూర్చున్నవాళ్లకు తెలియకుండా గేర్ మార్చడం ఎలా?

గేర్ మార్చిన ప్రతిసారీ పక్క సీట్లో ఉన్నవారి తల ఊగుతుంటే, క్లచ్ ఇంకా మెల్లగా వదలమని అందరూ చెబుతారు. అలా వదిలితే కుదుపు కొంత తగ్గే మాట నిజమే గానీ, ఆ మేరకు క్లచ్ ప్లేట్ అరుగుతుంది. ముందు చూసుకోవాల్సింది యాక్సిలరేటర్ మీదున్న కుడికాలిని.

ఒక లెక్క చూడండి. మామూలు చిన్న పెట్రోల్ కారు రెండో గేరులో 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఇంజిన్ సుమారు 2,200 ఆర్‌పీఎం (నిమిషానికి 2,200 చుట్లు) దగ్గర తిరుగుతుంది. అదే వేగానికి మూడో గేరులో 1,500 చాలు. క్లచ్ పట్టుకునే క్షణానికి ఇంజిన్ ఆ 1,500 దగ్గర ఉంటే గేర్ మారిన సంగతే తెలియదు. ఇంకా 2,200 దగ్గరే ఉంటే బండి ముందుకు ఉరుకుతుంది. 900కు పడిపోయేదాకా ఆగి వదిలితే వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టవుతుంది. కుదుపంతా ఈ తేడాలోనే ఉంది.

పై గేరుకు వెళ్లేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తూనే క్లచ్ చివరిదాకా నొక్కండి. క్లచ్ ముందు పడి కాలు ఆలస్యంగా లేస్తే ఇంజిన్ ఒక్కసారి గీపెడుతుంది. గేర్ వేశాక క్లచ్ పెడల్ మొదటి సగం చకచకా వదిలేయండి. పట్టుకునే చోట అర సెకను నిలపండి, ఆ తర్వాత పూర్తిగా వదులుతూ కొద్దిగా రేస్ ఇవ్వండి. మొత్తం పనికి ఒక సెకను సరిపోతుంది. ఒకటి నుంచి రెండుకు మాత్రం కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎందుకంటే ఇంజిన్ దిగాల్సిన దూరం అక్కడే ఎక్కువ: 20 కిలోమీటర్ల వేగంలో దాదాపు 2,700 నుంచి 1,500కు. కొత్తవాళ్ల బండి ఎక్కువగా ఎగిరిపడేది ఈ ఒక్క చోటే.

పెట్రోల్ కారులో రెండో గేరుకు 20, మూడుకు 30, నాలుగుకు 45, అయిదుకు 60 దగ్గర మారిస్తే హాయిగా ఉంటుంది. ఎత్తు ఎక్కుతున్నా, బండి నిండా మనుషులున్నా ఇంకొంచెం ఆలస్యంగా మార్చండి. డీజిల్ బండ్లయితే 2,000 ఆర్‌పీఎం దాటకముందే మార్చుకోవచ్చు.

క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియాలి. చదునైన ఖాళీ స్థలంలో మొదటి గేర్ వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, మడమ నేలకు ఆనించి క్లచ్ మెల్లగా వదలండి. బండి దానంతటదే కదిలిన చోటు గుర్తుపెట్టుకుని, మళ్లీ నొక్కి ఆపండి. పదిసార్లు చేస్తే చాలు. దళసరి అడుగున్న చెప్పులతో ఇది తెలియదు.

ఇక చెయ్యి. గేర్ రాడ్‌ను పిడికిలి బిగించి లాగకండి, అరచేత్తో నెట్టండి. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు న్యూట్రల్‌లోకి తెచ్చి ఒక్క క్షణం వదులు చేస్తే స్ప్రింగే రాడ్‌ను మధ్యకు తెస్తుంది, తర్వాత నేరుగా పైకి నెట్టడమే. అయిదు నుంచి నాలుగుకు దిగేటప్పుడూ అంతే. అక్కడ రాడ్‌ను గట్టిగా ఎడమవైపు లాగితే నాలుగు బదులు రెండు పడుతుంది, ఎక్కువ వేగంలో ఆ పొరపాటు ఇంజిన్‌కే ప్రమాదం. గేర్ వేశాక చెయ్యి తీసేయండి. రాడ్ మీద బరువు ఉంచితే లోపల గేర్లను జరిపే సెలెక్టర్ ఫోర్క్ ఊరికే అరుగుతుంది.

కింది గేరుకు దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది: 30 వేగంలో మూడు నుంచి రెండుకు వస్తే ఇంజిన్ 1,500 నుంచి 2,200కు పెరగాలి. ముందు బ్రేకుతో వేగం తగ్గించండి. క్లచ్ నొక్కి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, చప్పుడు పెరగ్గానే క్లచ్ వదలండి. ఈ తట్టడం అలవాటయ్యేదాకా 25 లోపు వేగంలో రెండో గేరుకు రండి.

తిరుమల నుంచి దిగే దారిలాంటి ఘాట్ రోడ్డులో మలుపు మధ్యలో గేర్ మార్చకండి. మలుపుకు ముందే రెండో గేరులో ఉండాలి. న్యూట్రల్‌లో దిగితే బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, ఆ తర్వాత నొక్కినా సరిగా పట్టవు. ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే హాఫ్ క్లచ్‌తో (క్లచ్ సగం వదిలి) నిలపకుండా హ్యాండ్‌బ్రేక్ వేయండి. ప్లేట్ కాలిన వాసన వచ్చేది ఇక్కడే.

రివర్స్ గేరుకు చాలా కార్లలో సింక్రోమెష్ (గేర్లు కలిసే ముందు వాటి వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ నొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయండి. పడకపోతే బలవంతం చేయొద్దు. న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కితే పడుతుంది.

ఇన్ని చేసినా గేర్ గట్టిగా ఉంటే తప్పు బండిదే కావచ్చు. ముందు క్లచ్ పెడల్ కింద మ్యాట్ మడతపడిందేమో చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. అప్పుడు సులువుగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సర్దుబాటు, హైడ్రాలిక్ అయితే ఫ్లూయిడ్, లీకులు చూపించండి. ఇంజిన్ ఆపినా గట్టిగానే ఉంటే గేర్ కేబుళ్లో, రాడ్ కీళ్ల దగ్గరి బుష్‌లో పోయి ఉండొచ్చు. క్లచ్ పూర్తిగా నొక్కినా ఒకే ఒక్క గేరు, ముఖ్యంగా రెండోది, కరకరమంటుంటే సింక్రోమెష్‌లోని సింక్రో రింగ్ అరిగినట్టు. నాలుగో గేరులో ఒక్కసారిగా రేస్ ఇస్తే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది.

గేర్ ఆయిల్ మార్చేటప్పుడు కారు మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. జీఎల్-4 అనే గ్రేడు ఉన్నచోట జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు కొన్ని ఇత్తడి సింక్రో రింగులను తినేయవచ్చు. డబ్బా మీద ఆ అంకె మీరే చదివి చూసుకోండి.