క్యాలెండర్ పట్టుకుని డాబా ఎక్కండి

పిల్లలకి ఆకాశం చూపిద్దాం అనుకోగానే టెలిస్కోపు ఎంతవుతుందో వెతకడం మొదలుపెడతాం. అది కాస్త ఆపండి. గోడకి వేలాడుతున్న తెలుగు క్యాలెండర్ చాలు, అందులో రోజూ వేసే మఖ, చిత్త, జ్యేష్ఠ అన్నీ నిజంగా పైన వెలిగే చుక్కలే, చంద్రుడు ఆ రోజు ఏ వీధిలో ఉన్నాడో చెప్పే అడ్రసు అన్నమాట.

వేసవి సెలవుల్లో, మే మధ్యలో, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తేలిక. లైట్లన్నీ ఆపి చాప పరుచుకుని పడుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలైనా పడుతుంది, మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ తెరిచారంటే మళ్లీ మొదటికే. టార్చి తప్పదంటే మూతికి ఎర్ర కవరు రెండు మడతలు వేసి కట్టండి. దోమల మందు ముందే రాసుకోండి.

మొదట ఉత్తరం వైపు. సప్తర్షులు బాగా పైకి వచ్చి ఉంటారు, నాలుగు చుక్కల మంచం, మూడు చుక్కల తోక. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దానికి అంటుకున్నట్టు చిన్నగా కనిపించేది అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పంతులుగారు చూపించింది ఇదే, అసలు దర్శనం ఇప్పుడు చేసుకోండి! మంచానికి తోక లేని వైపున్న రెండు చుక్కల్ని కలిపి ఆ గీతని ఐదు రెట్లు ఉత్తరానికి లాగితే ధ్రువ నక్షత్రం. చెయ్యి బారజాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలు దాటి కొంచెం, ధ్రువుడి ఎత్తూ అంతే, అంటే రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. పిల్లల చేత కొలిపించండి, చెయ్యి పొట్టిదైనా పిడికిలీ చిన్నదే కాబట్టి లెక్క సరిపోతుంది.

ఆ తోక వంపునే పొడిగిస్తూ పోతే నారింజ రంగులో స్వాతి, ఇంకా ముందుకెళ్తే తెల్లగా చిత్త. దక్షిణాన చెట్లూ మేడలూ అడ్డం లేకపోతే నేలకి ఒక పిడికిలి పైన శిలువలా నాలుగు చుక్కల త్రిశంకు, విశ్వామిత్రుడి కథ చెప్పడానికి ఇంతకన్నా మంచి టైమ్ దొరకదు. న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకి ఇది అసలు కనపడదు, అక్కడ ఎప్పుడూ నేల కిందే.

ఇక చంద్రుడు. వైశాఖంలో నవమి ప్రాంతంలో మఖ దగ్గర, త్రయోదశి ప్రాంతంలో చిత్త దగ్గర, పౌర్ణమికి విశాఖ దగ్గర ఉంటాడు, ఆ నెలకి పేరు వచ్చిందే అందుకు. రోజుకి దాదాపు 13 డిగ్రీలు తూర్పుకి జరుగుతాడు కాబట్టి నాలుగు రోజులు వరసగా అదే టైమ్‌కి చూసి, నోట్‌బుక్‌లో చుక్క పెట్టిస్తే పిల్లలకి వాడి నడక దానంతటదే తెలుస్తుంది. స్వాతి రోజు మాత్రం కంగారు పడకండి, ఆ చుక్క చంద్రుడి దారికి చాలా ఉత్తరంగా ఉంటుంది, పక్కన ఎప్పటికీ కనపడదు. సన్న చుక్కలు కావాలంటే అమావాస్య దగ్గర రోజులు చూసుకోండి.

ఇదంతా అయ్యాక కూడా పిల్లలు ఇంకా అడుగుతుంటే 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం వెడల్పు 50 మి.మీ.) కొనండి. మోచేతులు పిట్టగోడకి ఆనించి చూస్తేనే గురుగ్రహం చంద్రులు కదలకుండా కనిపిస్తాయి.