ఏఎమ్‌ఆర్‌సీ సభ్యత్వం: దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

బ్రిటన్‌లో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ధార్మిక సంస్థల జాతీయ సంఘమైన ‘అసోసియేషన్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ చారిటీస్’ (ఏఎమ్‌ఆర్‌సీ) 1987లో ఏర్పడింది. అక్కడ చిన్న ట్రస్టు నడుపుతూ ఇందులో చేరదలచిన తెలుగువారు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

• నిధుల ఎంపికలో ట్రస్టీల చేయి ఉండకూడదు. సంఘం ప్రధానంగా చూసేది పీర్ రివ్యూనే (అదే రంగంలోని నిపుణులు ప్రతిపాదనలను పరిశీలించడం) కనుక, ప్రతిపాదనల యోగ్యతను తేల్చే నిపుణుల కమిటీ ట్రస్టీలకూ సిబ్బందికీ అతీతంగా పనిచేయాలి. ఈ ఒక్కటి లోపిస్తే మిగతా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

• మినిట్స్ పుస్తకం తెరిచి చూడండి. ‘ఫలానా సభ్యుడు తన విశ్వవిద్యాలయం ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు గది విడిచి వెళ్లారు’ అన్న ఒక్క వాక్యం, కమిటీ నిష్పాక్షికతకు పది పేజీల నిబంధనావళి కంటే బలమైన ఆధారం. సమావేశం ముగిసిన ఆరు నెలలకు గుర్తు తెచ్చుకుని రాసినది ఇట్టే తెలిసిపోతుంది.

• కమిటీ సభ్యులకు నిర్ణీత పదవీకాలం ఉండాలి. వ్యవస్థాపకుడి మిత్రులే ఏళ్ల తరబడి కొనసాగడం మన సంఘాల్లో మామూలే గాని, ఇక్కడ సలహాదారులు మారుతూ ఉండటం నియమం.

• జంతువులపై ప్రయోగాల విషయంలో ట్రస్టీలు ముందే తేల్చుకోవాలి. అవసరమైన చోట వాటిని సమర్థిస్తామన్నది సభ్య సంస్థలన్నిటి ఉమ్మడి వైఖరి. దాతల్లో అహింసావాదులుంటే వారితోనూ ముందుగానే మాట్లాడటం మేలు.

• పరిశోధనా వ్యూహం రాతపూర్వకంగా ఉండాలి, ఎందుకంటే ఏ నిధి ఎందుకిచ్చారో దానితోనే పోల్చి చూస్తారు.