తుఫాను గాలి, చలి నీళ్లు: వేళ్లు మాట వింటుండగానే చేయాల్సిన పనులు

చలికాలంలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద సాగడం), కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద సాగడం) అనగానే అందరూ గాలి గురించే మాట్లాడతారు. ఎన్ని నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) వీచింది, ఏ సైజు కైట్ ఎగరేశావు, ఎంత ఎత్తుకు లేచావు, ఇవే కబుర్లు. గాలి భయం ఎలాగూ కంటికి కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. చెప్పాపెట్టకుండా ముంచేవి మాత్రం వేళ్లు. ఒకసారి నడుము లోతు నీళ్లలో నిలబడి, కైట్‌ని మనిషికి కట్టి ఉంచే తాడు, అంటే లీష్, కొక్కెం విప్పబోతే నా బొటనవేలు ఎక్కడుందో నాకే తెలియలేదు. కళ్లతో చూస్తూ వేలిని తీసుకెళ్లి దానిమీద పెట్టి నొక్కినా, అది నొక్కుకుందో లేదో అర్థం కాలేదు. చివరికి పళ్లతో లాగాను. ఆ రోజు గాలి పెద్దగా లేదు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ చెబుతున్నాను.

అందుకే మొదటి పని ఒడ్డు మీదే చేయండి. గ్లోవ్స్ వేసుకుని, చేతుల్ని కాసేపు చల్లటి నీళ్లలో ముంచి ఉంచి, కళ్లు మూసుకుని, తోస్తే కైట్ లాగుడు నుంచి విడిపించే క్విక్ రిలీజ్ వెతకండి. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. ఊరికే వేలాడుతున్న రిలీజ్‌ని తోస్తే సరిపోదు, బార్‌ని (కైట్‌ని నడిపే కడ్డీ) ఎక్కడైనా గట్టిగా కట్టి హార్నెస్‌తో (నడుముకి కట్టుకునే పట్టీ) వెనక్కి వాలి, బరువు పడుతున్నప్పుడు తోసి చూడండి, ఎందుకంటే నీళ్లలో అవసరం పడేది అలాంటి క్షణంలోనే. లీష్ రిలీజ్‌కీ ఇదే పరీక్ష. ఆ గ్లోవ్స్‌తో కుదరకపోతే పలచటి గ్లోవ్స్‌కి మారండి, అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకి మానుకోండి.

ఫోర్‌కాస్ట్‌లో సగటు గాలి ఒక్కటే చూసి బయల్దేరేవాళ్లు చాలామంది. మీరు చూడాల్సింది సగటుకీ, ఉండుండి విసిరే గాలికీ మధ్య తేడా. సగటు 25 నాట్స్, విసురు 40 అని ఉంటే అది 25 నాట్స్ రోజు కాదు. గాలి వేగం పెరిగితే దాని బలం వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే 25 నుంచి 40కి వెళ్లినప్పుడు మీ చేతుల మీద పడే లాగుడు రెండున్నర రెట్లు అవుతుంది. దానికి తోడు చల్లటి గాలి బరువెక్కువ, 25 డిగ్రీల గాలి కంటే 5 డిగ్రీల గాలి సుమారు 7 శాతం సాంద్రంగా ఉంటుంది, కాబట్టి వేసవిలో సుఖంగా నడిపిన సెయిల్ (తెరచాప) అదే వేగం గాలికి చలికాలంలో కాస్త మొండికేస్తుంది. సైజు ఎంచుకునేది విసురుని బట్టి. మధ్యలో గాలి పడిపోయి కాసేపు తేలుతూ కూర్చోవాల్సి వచ్చినా నష్టం లేదు.

కోల్డ్ ఫ్రంట్, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు, దాటే రోజయితే ఇంకో మెలిక ఉంది. ఫ్రంట్ రాకముందు గాలి బలంగా ఉన్నా ఒక తీరుగా వీస్తుంది, దాటుతున్నప్పుడు దిశ ఉన్నట్టుండి మారిపోతుంది, దాటాక చల్లటి గాలి జల్లులతో కలిసి విసురువిసురుగా వస్తుంది. నల్లటి జల్లు మేఘం మీ వైపు వస్తుంటే విసురు దాని ముందు అంచులోనే ఉంటుంది, వాన మొదలయ్యేదాకా చూద్దాం అనుకుంటే ఆలస్యమైనట్టే. ఉరుము వినబడిందా, ఇక ఏ చర్చా అక్కర్లేదు, బయటకి రండి. చివరి ఉరుము తర్వాత కనీసం 30 నిమిషాలు మళ్లీ దిగొద్దు.

నేల నుంచి సముద్రం లోపలికి వీచే గాలిలో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా, అమాయకంగా కనిపిస్తాయి, అదే మోసం. తీరానికి పక్కవాటుగా, కొంచెం ఒడ్డు వైపుకి తోసే గాలి మంచిది. నేరుగా ఒడ్డుకి కొట్టే తుఫాను గాలిలో కైట్ మిమ్మల్ని రాళ్ల మీదకో గోడల మీదకో ఈడ్చేస్తుంది.

బట్టల విషయానికొస్తే, 5/4 లేదా 6/5 వెట్‌సూట్ (ఒంటి దగ్గర, చేతులు కాళ్ల దగ్గర రబ్బరు మందం మిల్లీమీటర్లలో), హుడ్, బూట్లు. హుడ్ తల వెచ్చదనానికే కాదు, చల్లటి నీళ్లు, గాలి ఏళ్ల తరబడి తగిలితే చెవి లోపల ఎముక పెరిగే ప్రమాదం ఉంది, దానికి కూడా. గ్లోవ్స్ దగ్గరే తకరారు. మందంగా ఉంటే బూమ్ (సెయిల్‌ని పట్టుకునే అడ్డకడ్డీ) లావుగా అనిపించి, ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వచ్చి, పావుగంటలో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి. విండ్‌సర్ఫింగ్‌కి అరచేయి తెరిచి ఉండే మిటెన్స్ (వేళ్లన్నీ ఒకే అరలో ఉండే గ్లోవ్స్) నయం అని నా అభిప్రాయం. బూట్లు వేస్తే ఫుట్‌స్ట్రాప్స్ (బోర్డు మీద పాదాలు దూర్చే పట్టీలు) వదులు చేయడం మరిచిపోకండి, పడినప్పుడు పాదం ఇరుక్కుంటే చీలమండ పని అయిపోతుంది. దిగే ముందు గ్లోవ్స్‌లో, బూట్లలో ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్లు పోసుకుంటే మొదటి పది నిమిషాలు స్వర్గం.

సెయిల్ కట్టేటప్పుడు డౌన్‌హాల్ (సెయిల్‌ని కిందికి లాగి బిగించే తాడు) మామూలు కంటే ఎక్కువ లాగండి. పైభాగం వెనక అంచు వదులయ్యి, విసురు వచ్చినప్పుడు అది తనంతట తానే మెలితిరిగి గాలిని వదిలేస్తుంది. మాస్ట్ (సెయిల్ నిలబడే స్తంభం) కింది రబ్బరు జాయింట్‌ని వంచి పగుళ్లున్నాయేమో చూడండి.

కైట్ ప్రమాదాల్లో చాలావరకు నేల మీదే మొదలవుతాయి. గాలి వెళ్లే వైపున కనీసం రెండు లైన్ల (కైట్‌కి కట్టిన తాళ్లు) పొడవు, అంటే దాదాపు 50 మీటర్లు, ఖాళీగా ఉండాలి. కైట్ లేపేటప్పుడు సాయం పట్టేది తెలిసిన మనిషే అయ్యుండాలి, దారిన పోయే పెద్దమనిషి చేతిలో కైట్ పెట్టి బొటనవేలు ఎత్తమంటే ఆయనకీ ప్రమాదమే, మీకూ ప్రమాదమే. కైట్‌ని నీళ్ల వైపే లేపి, తక్కువ ఎత్తులో ఉంచి, ఆగకుండా నీళ్లలోకి నడవండి. నెత్తి మీద నిలిపి ఫొటోకి పోజివ్వడం ఇప్పుడు కాదు, ఒక్క విసురు వస్తే మనిషి గాల్లోకి లేస్తాడు.

దిగగానే దూకుడు వద్దు. చల్లటి నీళ్లు తగిలిన మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. ముఖం, మెడ తడుపుకుని శ్వాస కుదుటపడేదాకా నిలబడి, ఆ తర్వాతే బయల్దేరండి. మొదటి విడత అరగంట, ముప్పావు గంట చాలు. పళ్లు టకటకలాడటం కంటే ముందే ఇంకో గుర్తు ఉంది: బొటనవేలిని చిటికెనవేలి కొసకి ఆనించి చూడండి. ఆనలేదంటే తిరుగుముఖం పట్టాల్సిన టైమ్ వచ్చినట్టే. "ఇంకొక్క రౌండ్" అని మనసు లాగుతుంది చూశారా, ఆ రౌండ్‌లోనే ఏదో ఒకటి తెగుతుంది.

తెగితే ఏం చేయాలి? కైట్ అయితే రిలీజ్ తోసేయండి, కైట్ ఒక్క లైన్ మీద వేలాడుతూ బలం కోల్పోతుంది. అప్పటికీ లాగుతుంటే లీష్ కూడా వదిలేయండి, కైట్ పోతే పోయింది. లాగకపోతే ముందు కైట్ వేలాడుతున్న ఆ సేఫ్టీ లైన్, తర్వాత మిగతావి బార్‌కి చుట్టి, ఊడిపోకుండా ఒక ముడి వేసి కైట్ దగ్గరకి చేరండి. లైన్‌ని చేతికి మాత్రం చుట్టుకోకండి, మళ్లీ గాలి పట్టిందంటే వేళ్లు కోసేస్తుంది. ఆ తర్వాత కైట్ అంచు పట్టుకుని దాన్నే తెరచాపలా వాడుకుంటూ ఒడ్డుకి రావచ్చు. విండ్‌సర్ఫింగ్ అయితే బోర్డుని వదలొద్దు. మాస్ట్ విరిగిందా, రిగ్‌ని (మాస్ట్, సెయిల్, బూమ్ మొత్తం) ఊడదీసి వదిలేసి, బోర్డు మీద పడుకుని చేతులతో తెడ్డు వేయండి. ఒడ్డు దూరమైతే రెండు చేతులూ పక్కలకి చాచి మెల్లగా పైకీ కిందికీ ఊపండి, సాయం కావాలనే ఆ సైగ ఎక్కడైనా అర్థమవుతుంది.

బయటకొచ్చాక కైట్ మీద ఇసుక పోసి, ముందు పొడి బట్టల్లోకి మారండి, సామాను తర్వాత సర్దుకోవచ్చు. ఒళ్లు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది కాబట్టి చేతులు, కాళ్లు గట్టిగా రుద్దడం, మద్యం తాగడం వద్దు. వేడిగా, తియ్యగా ఏదైనా తాగండి. జిప్‌కి పొడవాటి తాడు, తాళంచెవికి పెద్ద రింగు ముందే కట్టి ఉంచుకుంటే ఆ టైమ్‌లో మీకు మీరే దండం పెట్టుకుంటారు. ఇంటికెళ్లాక రిలీజ్‌ని మంచినీళ్లలో ముంచి పదిసార్లు తెరిచి మూయండి, లోపల చిక్కుకున్న ఇసుక రేణువు బయటకి రావాలి.