రేడియో స్కానర్‌ని లాప్‌టాప్ గుర్తుపట్టట్లేదా, సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి, ముందు కేబుల్ చూడండి

మేముండేది డల్లాస్ పక్కన, ఏప్రిల్ మే వచ్చిందంటే టోర్నడో భయం తప్పదు కాబట్టి వెదర్ రేడియో (వాతావరణ హెచ్చరికల ప్రసారం) కోసం అని యూనిడెన్ బిసి125ఏటి స్కానర్ కొన్నా, అంటే ఛానళ్ళన్నీ వరసగా తిప్పుతూ ఎవరైనా మాట్లాడుతుంటే అక్కడ ఆగి వినిపించే చేతి రేడియో, తీరా చూస్తే దాంట్లో విమానాల మాటలు వినడమే ఎక్కువైపోయింది. 500 ఛానళ్ళు, బ్యాంకుకి (అంటే ఛానళ్ళ గుంపుకి) 50 చొప్పున 10 బ్యాంకులు. ఒక్కో ఛానల్‌కి 16 అక్షరాల దాకా పేరు పెట్టుకోవచ్చు గానీ ఆ చిన్న కీప్యాడ్ మీద నొక్కుతూ కూర్చుంటే వేళ్ళు అరిగిపోతాయ్, అందుకే లాప్‌టాప్‌కి పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చేసుకుంటాం. కష్టాలన్నీ మొదలయ్యేది కూడా అక్కడే.

ఏ సమస్య వచ్చినా ముందు విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి, వచ్చిన లిస్టులో డివైస్ మేనేజర్ (లాప్‌టాప్‌కి తగిలించినవన్నీ చూపించేది) తెరిచి పెట్టుకోండి. కేబుల్ పెడుతూ తీస్తూ అక్కడేం మారుతుందో చూస్తే సగం సంగతి దానంతట అదే తెలిసిపోద్ది.

సమస్య: కేబుల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. డింగ్ మని సౌండ్ రాదు, డివైస్ మేనేజర్‌లో ఏమీ మారదు, కానీ స్కానర్ మాత్రం చార్జ్ అవుతోంది.

ఇది కేబుల్ చేసే మోసమేనండి. యూఎస్‌బి కేబుల్లో మామూలుగా నాలుగు వైర్లుంటాయ్, రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక కేబుళ్ళలో ఆ డేటా వైర్లు అసలు పెట్టరు, బయటనుంచి చూస్తే తేడా తెలీదు. నేను ఏదో బ్లూటూత్ స్పీకర్‌తో వచ్చిన కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్ మూడుసార్లు తీసేసి మళ్ళీ వేశా, డ్రైవర్ రెండుసార్లు మార్చా, ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది, చివరికి మా ఆవిడ పాత కెమెరా కేబుల్ తెచ్చి ఇస్తే పెట్టగానే డింగ్ మంది! దీనికి కావాల్సింది మినీ యూఎస్‌బి, పాత ఫోన్ల మైక్రో కాదు, బలవంతంగా తోశారంటే పోర్టే ఊడొస్తుంది. పాత కెమెరా, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కేబుళ్ళు డేటావే అయ్యుంటాయ్ కాబట్టి డ్రాయర్లో ముందు వాటిని వెతకండి. స్కానర్ ఆన్ చేసి ఉండాలి, ఆఫ్‌లో ఉంటే అది చార్జింగ్ అనే అనుకుంటుంది. మధ్యలో యూఎస్‌బి హబ్ (ఒక సాకెట్‌ని నాలుగైదు చేసే డబ్బా) ఉంటే తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి.

చార్జింగ్ అంటే గుర్తొచ్చింది, బ్యాటరీలు వేసే చోట ఆల్కలైన్, నికెల్ మెటల్ హైడ్రైడ్ (చార్జ్ చేసుకునే సెల్స్) అని చిన్న స్విచ్ ఉంటుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసి స్విచ్ రెండో వైపు పెట్టి యూఎస్‌బి గుచ్చారో, చార్జ్ చెయ్యకూడని సెల్స్‌ని చార్జ్ చేసినట్టే, అవి కారి లోపలంతా పాడు చేస్తాయ్. ఇది మాత్రం మర్చిపోవద్దు.

సమస్య: డివైస్ మేనేజర్‌లో కనిపిస్తోంది కానీ పక్కన పసుపు త్రికోణం.

కేబుల్ బాగానే ఉంది, డ్రైవర్ (విండోస్‌కి ఆ పరికరంతో మాట్లాడ్డం నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్) లేదు. బిసి125ఏటి అయితే కంపెనీ సైట్లోనే డ్రైవర్ ఉంటుంది, వేసి లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే చాలు. అసలు గోల సీరియల్ కేబుల్ (పాతకాలపు కామ్ పోర్ట్ పద్ధతిలో డేటా పంపేది) వాడే పాత స్కానర్లతోటీ, బావోఫెంగ్ లాంటి వాకీటాకీలతోటీ. ఆ కేబుల్ ప్లగ్‌లో ఒక చిప్ ఉంటుంది, చాలావాటిల్లో పిఎల్2303 అనే చిప్, లేదా దానికి నకిలీ. నకిలీలు ఎక్కువైపోయేసరికి కొత్త డ్రైవర్లు వాటిని, వాటితోపాటు పాత ఒరిజినల్ చిప్‌లని కూడా పనిచెయ్యనివ్వట్లేదు. విండోస్ 10లో అయితే కోడ్ 10 అనే ఎర్రర్ వస్తుంది, విండోస్ 11లో ఏకంగా పోర్ట్ పేరు ఉండాల్సిన చోట "ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012" (2012 నుంచి ఆపేశాం) అని ఉంటుంది. కేబుల్ పాడైందనుకుని పారేస్తారు చాలామంది, అక్కర్లేదు. 3.3.2.102 లాంటి పాత డ్రైవర్ వేసి, దాని మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మి పిక్, అక్కడ లిస్టులో పాత వెర్షన్ ఎంచుకోండి. నాలుగు రోజులాగి విండోస్ అప్‌డేట్ మళ్ళీ కొత్తది ఎక్కించేస్తుంది, అప్పుడు మళ్ళీ ఇదే పని. నన్నడిగితే ఎఫ్‌టిడిఐ అనే ఇంకో కంపెనీ చిప్ ఉన్న కేబుల్ కొనుక్కోవడం సుఖం, కాస్త రేటెక్కువే గానీ ఈ తలనొప్పి ఉండదు.

సమస్య: పోర్ట్ కనిపిస్తోంది, సాఫ్ట్‌వేర్ మాత్రం స్కానర్ దొరకలేదంటోంది.

డివైస్ మేనేజర్‌లో కామ్ (పోర్ట్ పేరు) పక్కనున్న నంబర్, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకున్న నంబర్ ఒకటేనా చూడండి. యూఎస్‌బి సాకెట్ మార్చితే ఈ నంబర్ కూడా మారొచ్చు, అందుకే ఎప్పుడూ ఒకే సాకెట్ వాడతా నేను. ఇంకో సాఫ్ట్‌వేర్ వెనకాల తెరిచి ఉన్నా పోర్ట్‌ని అది పట్టుకుని కూర్చుంటుంది, ఇవ్వదు. డేటా వెళ్తుండగా కేబుల్ లాగేస్తే స్కానర్ రిమోట్ మోడ్‌లోనే (లాప్‌టాప్ చెప్పినట్టే నడిచే స్థితి) ఉండిపోయి కీప్యాడ్ పనిచెయ్యదు, కంగారుపడక్కర్లేదు, ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి. లినక్స్ వాళ్ళయితే మీ యూజర్ డయలవుట్ గ్రూపులో (పోర్ట్ వాడే అనుమతి ఉన్నవాళ్ళ గ్రూపు) ఉన్నాడో లేడో చూసుకోండి.

కనెక్ట్ అయ్యాక ఆత్రంగా కొత్త లిస్ట్ ఎక్కించెయ్యకండి, ముందు స్కానర్లో ఉన్నది చదివి ఒక ఫైల్‌గా సేవ్ చేసుకోండి.

సమస్య: అన్నీ ఎక్కాయ్, కానీ ఏమీ వినపడట్లేదు.

ఛానల్‌కి లాకౌట్ (స్కాన్‌లో వదిలెయ్యి అని) టిక్ ఉందేమో, ఆ బ్యాంక్ ఆపేసి ఉందేమో చూడండి, స్కాన్ నడుస్తుండగా అంకె నొక్కితే బ్యాంక్ ఆన్ ఆఫ్ అవుతుంది, జేబులో పెట్టుకున్నప్పుడు దానంతట అదే నొక్కుకుపోద్ది కూడా. విమానాలది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా, అది ఏఎం, అక్కడ ఎఫ్ఎం పెడితే మాట సరిగ్గా రాదు. పోలీసుల కోసం ఎక్కించారా, అయితే తప్పు మీది కాదు కేబుల్‌ది కాదు, పెద్ద ఊళ్ళలో వాళ్ళు చాలావరకు పి25 అనే డిజిటల్ పద్ధతికి మారిపోయారు, ఈ స్కానర్ అనలాగ్ ఒక్కటే వింటుంది, ఏ డ్రైవర్ వేసినా అది మారదు. వెదర్ ఛానళ్ళు 162.400 నుంచి 162.550 దాకా ఏడూ ముందే ఉంటాయ్, వాటిని ఎక్కించక్కర్లేదు. నేను మొదటిసారి అవి కూడా కష్టపడి టైపు చేశా లెండి. ఇంకోటి, బావుంది కదా అని దీన్ని సూట్‌కేసులో వేసుకుని ఇండియా తీసుకెళ్ళకండి, అక్కడ వైర్‌లెస్ సెట్ల లైసెన్స్ రూల్స్ వేరు.

సమస్య: లాప్‌టాప్‌కి పెట్టి ఉన్నంతసేపూ బర్రుమని మోత, స్కాన్ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది.

అది లాప్‌టాప్, దాని చార్జర్ చేసే రేడియో నాయిస్. రిపేర్ ఏం లేదు, ప్రోగ్రామింగ్ అయిపోగానే కేబుల్ పీకేసి బాల్కనీలోకి తీసుకెళ్ళి వినండి.