జర్మన్‌లో 'గెఫాలెన్': పడ్డట్టా, నచ్చినట్టా?

సమస్య: వాక్యంలో 'గెఫాలెన్' కనబడింది. డిక్షనరీలో చూస్తే 'పడిన' అనీ ఉంది, 'నచ్చిన' అనీ ఉంది.

కారణం: ఇవి రెండు వేర్వేరు క్రియలు. 'ఫాలెన్' అంటే పడటం. దాని పాస్ట్ పార్టిసిపిల్ (జరిగిపోయిన పనిని చెప్పే రూపం) కోసం ముందు 'గె' చేరుస్తారు. 'గెఫాలెన్' అంటే నచ్చడం. దీనికి 'గె' మొదటినుంచీ ఉంది. నొక్కి పలకని 'గె', 'బె', 'ఫెర్' లాంటివి ముందున్న క్రియలకు ఇంకో 'గె' పెట్టరు. అందుకే రెండింటి పార్టిసిపిల్ ఒకటే.

పరిష్కారం: పక్కనున్న సహాయక క్రియను ('ఇస్ట్' లేదా 'హాట్') పట్టుకోండి. 'ఎర్ ఇస్ట్ గెఫాలెన్' అంటే అతను పడ్డాడు. 'ఎస్ హాట్ మీర్ గెఫాలెన్' అంటే అది నాకు నచ్చింది. 'వైల్' (ఎందుకంటే) వచ్చిన చోట ఈ సహాయక క్రియ చిట్టచివరికి పోతుంది, కాబట్టి ఫుల్‌స్టాప్ దాకా చదవకుండా అర్థం తేల్చేయకండి. జరగబోయేదాన్ని చెప్పే 'విర్ట్' ఉంటే మాత్రం అది పార్టిసిపిలే కాదు, మూల క్రియే: 'ఎస్ విర్ట్ డీర్ గెఫాలెన్', అది నీకు నచ్చుతుంది.

సమస్య: 'ఇస్ట్' ఉంది, కానీ ఎవరూ కింద పడలేదు.

జర్మన్‌లో ధర పడుతుంది, ఫుట్‌బాల్‌లో గోల్ పడుతుంది, నిర్ణయం కూడా 'పడుతుంది'. 'డీ ఎంట్‌షైడుంగ్ ఇస్ట్ గెఫాలెన్' అంటే నిర్ణయం జరిగిపోయింది. సైనికుడి గురించైతే యుద్ధంలో చనిపోయాడని. మనమూ నేలకొరిగాడు అంటాం కదా, అదే. జర్మనీ ఊళ్లలో 1914–1918 అని చెక్కిన స్మారకాల మీద కనిపించే 'ఉన్జెరెన్ గెఫాలెనెన్' ఈ మాట నుంచి వచ్చిందే. మా అమరులకు అని దాని భావం. అక్కడ 'పడిపోయినవాళ్లు' అని అనువదిస్తే చాలా బాధగా ఉంటుంది.

సమస్య: 'ఇష్ హాబె డెన్ ఫిల్మ్ గెఫాలెన్' అని రాస్తే టీచర్ కొట్టేశారు.

కారణం: ఇంగ్లిష్‌లో ఆలోచించి రాయడం. అక్కడ ఇష్టపడేవాడు కర్త. జర్మన్‌లో నచ్చిన వస్తువే కర్త.

పరిష్కారం: ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి తెలుగులో అనుకోండి. మన 'నాకు' ఉన్నచోట 'మీర్' పెట్టండి: 'డెర్ ఫిల్మ్ హాట్ మీర్ గెఫాలెన్', సినిమా నాకు నచ్చింది. సినిమాలు ఎక్కువైతే మన 'నచ్చింది' కాస్తా 'నచ్చాయి' అయినట్టే, 'హాట్' కూడా 'హాబెన్' అవుతుంది: 'డీ ఫిల్మె హాబెన్ మీర్ గెఫాలెన్'.